ఆరు రెక్కల్లో రెండు ఏమైనట్టు?

"బాబాయ్, మీ ఇంజిను పోయట్లేదు!"

రేవు గట్టు మీద నుంచి ఓ కుర్రాడు అరిచాడు. బోటు మోటారు తిరుగుతున్నంతసేపూ దాని వెనక నుంచి సన్నగా ఒక నీళ్ళ ధార పడుతూ ఉంటుంది. మా వైపు పిల్లలు ఆ ధారకి పెట్టుకున్న పేరు ఇక్కడ రాయలేను గానీ మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ రోజు నేను నవ్వేసి, జేబులోంచి ఇనప తీగ ముక్క తీసి ధార వచ్చే కన్నంలో నాలుగు పోట్లు పొడిచాను. మళ్ళీ వచ్చింది. "పోస్తోంది లేరా" అని బయల్దేరిపోయాను. అప్పటికి పదిహేను రోజులుగా అదే వరస. రోజూ పొడవడం, రోజూ కాస్త రావడం. చెరువు రైతుకి ఇదో జబ్బు. ఏదైనా రెండుసార్లు పనిచేస్తే చాలు, అదే వైద్యం అనుకుంటాడు.

మా రొయ్యల చెరువులు ఏటికి అవతల ఉన్నాయి. గౌతమి గోదావరి యానాం దాటి సముద్రంలో కలిసేలోపు పాయలు పాయలుగా చీలుతుంది చూడండి, ఆ పాయల మధ్య. అక్కడికి వంతెన లేదు. మేత బస్తాలు, సున్నం, డీజిలు క్యాన్లు, పనివాళ్ళ క్యారేజీలు, రొయ్యల పట్టుబడి రోజున ఐసు, అన్నీ మా 20 అడుగుల ఫైబర్ బోటులోనే వెళ్ళాలి. దానికి వెనక 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, సెకండ్ హ్యాండులో కొన్నది. చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్ మోటార్లు విప్పి బిగించిన చెయ్యి కాబట్టి బోటు మోటారు కూడా నాకు కొత్త కాదనుకునేవాణ్ణి. అది ఎంత తప్పో నవంబరులో తెలిసింది.

ఆ ఉదయం ఎనిమిది బస్తాల మేత వేసుకుని బయల్దేరాను. 25 కిలోల బస్తాలు. పోటు ఎదురు తన్నుతోంది. ఏటి మధ్యకి వచ్చేసరికి మోటారు గొంతు మారింది. జలుబు చేసినవాడిలా బొంగురుగా, బరువుగా. యాక్సిలేటర్ ఎంత తిప్పినా ముందుకి పోదు. తర్వాత వాసన వచ్చింది. పెట్రోలు వాసన కాదు, ఆయిలు పొగ కాదు, ఎండలో కాగిన ఇనప తలుపుకి కొత్తగా పెయింటు వేసినట్టు ఒక ఘాటు. వెనక్కి తిరిగి చూస్తే ధార లేదు. ధార రావాల్సిన కన్నం నుంచి సన్నగా ఆవిరి పోగులా లేస్తోంది.

వెంటనే కట్టేశాను. కంగారులో బకెట్టు ముంచి నీళ్ళు ఎత్తి మోటారు మీద గుమ్మరించబోయాను. చెయ్యి ఎందుకు ఆగిందో గానీ ఆగింది. తర్వాత మెకానిక్కు మావయ్య చెప్పాడు, ఆ నీళ్ళు పోసి ఉంటే హెడ్డు, అంటే సిలిండరు మూత, వంకర తిరిగేదని. మాడుతున్న అల్యూమినియం మీద చన్నీళ్ళు పడితే అంతే. దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి. ఆ పూట గెడ వేసుకుంటూ, పోటుకి అడ్డంగా జారిపోతూ, మడ చెట్ల కొమ్మలు పట్టుకుని లాక్కుంటూ, పది నిమిషాల దారి గంట పైన పట్టింది. మేత మాత్రం తడవలేదు.

మెకానిక్కు మావయ్య అన్నాను కదా, ఆయన కాకినాడ ఏటిమొగలో బోటు ఇంజిన్లు చూస్తాడు. మా అమ్మ తరఫు చుట్టం. ఫోన్ చేస్తే "రేపు రాలేను, ఎల్లుండి రాలేను, హార్బర్లో రెండు బోట్లు విప్పి ఉన్నాయి. నువ్వే విప్పు. నేను ఫోన్లో ఉంటాను" అన్నాడు. ముందుగా ఒక్క ప్రశ్న అడిగాడు. "రబ్బరు ఎప్పుడు మార్చావ్?"

"ఏ రబ్బరు మావయ్యా?"

అవతల కాసేపు మాట లేదు.

ఈ మోటారు చల్లబడే తీరు చాలా సింపులు. కారుకి ఉన్నట్టు రేడియేటర్ లేదు, కూలెంటు లేదు. ఏటి నీళ్ళే కూలెంటు. నీళ్ళలో మునిగి ఉండే కింది భాగాన్ని కాలు అంటాం. ఆ కాలుకి, బోటుని తోసే ఫ్యానుకి కాస్త పైన, చిన్న చిన్న చీలికలు ఉంటాయి. నీళ్ళు వాటిలోంచి లోపలికొస్తాయి. గేరు పెట్టె నెత్తిన, నిలువు షాఫ్టుకి తొడిగి ఓ రబ్బరు చక్రం ఉంటుంది, ఆరు రెక్కలతో. దాన్నే ఇంపెల్లర్ అంటారు, మావయ్య లాంటివాళ్ళు 'రబ్బరు' అనేస్తారు. అది తిరిగే స్టీలు గిన్నె దానికి నడిమధ్యన ఉండదు, కాస్త పక్కకి జరిగి ఉంటుంది. అందుకని రెక్క ఓ వైపు ముడుచుకుంటుంది, మరో వైపు విచ్చుకుంటుంది. విచ్చుకున్నప్పుడు నీళ్ళు లాక్కుంటుంది, ముడుచుకున్నప్పుడు పైకి తోస్తుంది. ఆ నీళ్ళు రాగి గొట్టం గుండా పైకెక్కి, సిలిండరు చుట్టూ, హెడ్డు చుట్టూ తిరిగి, వేడి పట్టుకుని, పొగతో పాటు కిందికి దిగిపోతాయి. దారిలో ఒక చిన్న పాయ చీల్చి బయటికి వదులుతారు. అదే ఆ ధార. లోపల పంపు బతికే ఉందని చెప్పే సాక్షి.

ఇక్కడే నేనూ, నాలాంటివాళ్ళూ మోసపోయేది. ధార వస్తోందంటే పంపు తిరుగుతోందని మాత్రమే అర్థం. నీళ్ళు చేరాల్సిన మూలకల్లా చేరుతున్నాయని కాదు.

మోటారు విప్పి ఇంటికి తెచ్చాం. 36 కిలోలకి పైనే ఉంటుంది, ఇద్దరం మోస్తే గానీ కదల్లేదు. మామిడి చెట్టు కింద చెక్క స్టాండుకి బిగించాం. ముందు చీలికలు చూశాను. ఓ వైపు చీలికల్లో కొబ్బరి పీచు, ప్లాస్టిక్ సంచీ పీలికలు. రెండో వైపు గవ్వల్లా తెల్లగా అతుక్కున్న గుల్లలు, సగం మూసేసి. బోటు రేవులో కట్టేసినప్పుడు మోటారుని పైకి ఎత్తకుండా నీళ్ళలోనే వదిలేసేవాళ్ళం. గుల్లలకి అంతకంటే సుఖమైన ఇల్లు ఏముంటుంది! వెదురు పుల్ల చెక్కి గీకాను. ధార కన్నంలోకి మాత్రం ఈసారి ఇనప తీగ పెట్టలేదు. మావయ్య తిట్టాడు, తీగ మొన లోపలి గొట్టాన్ని గీరేస్తుందట. మందపాటి నైలాను వల దారం ముక్క చాలన్నాడు. దారం లోపలికి సాఫీగా వెళ్ళింది. అంటే అడ్డు అక్కడ లేదు, కింద ఉంది.

ఇక కాలు ఊడదీయాలి. ముందుగా స్పార్క్ ప్లగ్గు టోపీ పీకేశాను. ఫ్యాను చేత్తో తిప్పుతుంటే ఇంజిను ఒక్కసారి దగ్గినా వేళ్ళు ఉండవు. గేరు రివర్సులో వేసి, గేరు కడ్డీ జాయింటు విప్పి, కాలుని పట్టి ఉంచే నాలుగు బోల్టులకి పానా వేశాను. మూడు వచ్చాయి. నాలుగోది రాలేదు.

ఆ నాలుగో బోల్టుతో నాకు ఒకటిన్నర రోజు పట్టింది. స్టీలు బోల్టు, అల్యూమినియం ఒంటిలో. మధ్యన ఉప్పునీళ్ళు చేరితే రెండు లోహాలూ కలిసి తెల్లటి బూడిద లాంటి తుప్పు పుట్టిస్తాయి, సిమెంటులా పట్టేస్తుంది. పానాకి పైపు తొడిగి బలంగా తిప్పబోతే మా ఆవిడ వచ్చి "తెగుతుందండీ" అంది. ఆవిడకి మోటార్ల సంగతి తెలియదు, నా సంగతి తెలుసు. పైపు తీసేశాను. తుప్పు వదిలించే ఆయిలు కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున బోల్టు తల మీద సుత్తితో చిన్నగా పది దెబ్బలు, మళ్ళీ ఆయిలు. మధ్యాహ్నం వేడి నీళ్ళు గుడ్డలో ముంచి బోల్టు చుట్టూ కాపడం పెట్టాను. సాయంత్రం ముందు బిగించే వైపుకి ఒక్క వెంట్రుక వాసి తిప్పి, తర్వాత విప్పే వైపుకి. టిక్కుమంది. ఆ శబ్దం విన్నప్పుడు కలిగిన ఆనందం పంట పట్టుబడిలో కూడా కలగలేదంటే నమ్మండి. ఇప్పుడు నాలుగు బోల్టులూ గ్రీజు పూయకుండా లోపలికి వెళ్ళవు.

కొయ్య సుత్తితో అటూ ఇటూ తట్టితే కాలు కిందికి జారింది. పంపు మూత బోల్టులు నాలుగూ విప్పి, మూత పైకి లాగాను.

అసలు చూడాల్సింది ఇది. ఆరు రెక్కల చక్రానికి నాలుగే ఉన్నాయి. ఆ నాలుగూ విచ్చుకుని లేవు, ఒకే వైపుకి పడుకుని, ఎండిన చింతపండు తొక్కల్లా గట్టిపడి ఉన్నాయి. ఒకదాని మొదట్లో గోరు దిగేంత చీలిక. మిగతా రెండు రెక్కల చోట మొండి అంచులు మాత్రమే. స్టీలు గిన్నె లోపల వేలు పెట్టి రాస్తే గీతలు తగిలాయి, గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు వరసగా. ఇసక గీసిన గీతలు. గిన్నె అడుగున నల్లటి ఒండ్రు పేస్టులా పేరుకుంది.

ఒండ్రు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు. మా రేవులో పాటు సమయానికి, అంటే పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు, మోకాలి లోతు కూడా ఉండదు. నేను అక్కడే తాడు లాగి స్టార్ట్ చేసేవాణ్ణి. ఫ్యాను ఒండ్రుని చిలికితే, పంపు ఆ చిక్కటి నీళ్ళనే తాగేది. పైగా జులై నుంచి గోదావరి ఎర్రనీరు. వరద రోజుల్లో ఏటి నీళ్ళు గ్లాసులో పట్టి వదిలేస్తే అడుగున వేలి మందాన మట్టి దిగుతుంది. చెరువుకి ఆ నీళ్ళు పెట్టాలంటే తేరే దాకా ఆగుతాం, రొయ్యకి ఇచ్చిన మర్యాద మోటారుకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఎండాకాలంలో మరో బాధ, వరద తగ్గి సముద్రం లోపలికి తోసుకొస్తుంది. మా చెరువు మీటరుతో చూస్తే ఆగస్టులో సున్నా దగ్గరున్న ఏటి ఉప్పు మే నెలకి వెయ్యికి 25 పాళ్ళు దాటుతుంది. సగం ఏడాది ఇసక, సగం ఏడాది ఉప్పు.

రబ్బరు చక్రాన్ని షాఫ్టు మీద నుంచి పీకేటప్పుడు కింద ఏదో టప్పున పడ్డట్టు అనిపించింది. పట్టించుకోలేదు. చక్రం చేతిలోకి వచ్చాక గుర్తొచ్చింది, షాఫ్టు గాడిలో ఉండాల్సిన కీ. సగం కోసిన చందమామలా ఉంటుంది, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. అది లేకపోతే షాఫ్టు తిరుగుతుంది, రబ్బరు తిరగదు. చెట్టు కింద ఇసక. ఎప్పుడో పాడైన స్పీకరులోంచి తీసి దాచిన అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పాను. మేకులు వచ్చాయి, పిన్నీసు వచ్చింది, కీ రాలేదు. స్టెయిన్‌లెస్ స్టీలు ఆయె, అయస్కాంతానికి అంటలేదు. ఆఖరికి మా ఆవిడ పిండి జల్లెడ తెచ్చి, తిట్టుకుంటూ, చాటెడు చాటెడు ఇసక జల్లించింది. ఏడో చాటలోనో ఎనిమిదో చాటలోనో దొరికింది. అప్పటి నుంచి మోటారు విప్పేటప్పుడు కింద తెల్ల దుప్పటి పరుస్తున్నాను. జల్లెడ మాత్రం కొత్తది కొనాల్సి వచ్చింది.

సామాను కోసం కాకినాడ వెళ్ళాను. మాకు పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను ఊడ్చేసింది. ఓడలు కట్టిన ఊరి పక్కన ఉంటూ రబ్బరు చక్రం కోసం కాకినాడ బస్సెక్కడం నాకు ఎప్పుడూ చిన్నతనంగానే ఉంటుంది. జగన్నాథపురం వైపు షాపులో పాత చక్రం చూపిస్తే ఒకటి తీసిచ్చాడు, చూడటానికి అచ్చం అదే. మావయ్య ముందే చెప్పాడు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి ఎత్తు చూశాను. కొత్తది రెండు మిల్లీమీటర్లు పొట్టి. అది బిగిస్తే పైనా కిందా సందు మిగిలి నీళ్ళు అందులోంచే జారిపోతాయి. మోడల్ నంబరు చెప్పి మళ్ళీ వెతికించి, చక్రంతో పాటు గిన్నె, కింద రేకు, ప్యాకింగులు, కొత్త కీ, అన్నీ ఉన్న సెట్టు తీసుకున్నాను. గీతలు పడ్డ గిన్నెలో కొత్త రబ్బరు పెట్టడం అంటే పాత చెప్పులో కొత్త మేకు కొట్టడమే.

బిగించడంలో తిప్పలు పెద్దగా లేవు. కొత్త రెక్కలకి సబ్బు నీళ్ళు పూసి, షాఫ్టుని పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పుతూ గిన్నెని కిందికి నొక్కితే, రెక్కలన్నీ ఒకే వైపు ముడుచుకుని లోపలికి పోతాయి. రెండో వైపు తిప్పితే తిరగబడతాయి. షాఫ్టు పళ్ళకి పల్చగా గ్రీజు. ఇక కాలు పైకెక్కించేటప్పుడు ఒకేసారి మూడు కుదరాలి. షాఫ్టు పళ్ళు, గేరు కడ్డీ, రాగి గొట్టం కొస వెళ్ళి రబ్బరు మూతిలో దూరడం. మొదటిసారి గొట్టం పక్కకి జారింది, అలాగే బిగించేశాను. అనుమానం వచ్చి మళ్ళీ దింపాను. ఆ అనుమానం రాకపోతే పంపు తోసిన నీళ్ళన్నీ కాలులోనే కారిపోయేవి.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పైభాగం కోసి, పంపు మునిగి ఇంకో జానెడు ఉండేలా నీళ్ళు నింపాను. మా బోరులో ఉప్పునీళ్ళు పడతాయి కాబట్టి పంచాయతీ కుళాయి నీళ్ళే పట్టాలి. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. "మనుషులకి బిందెల లెక్క, దీనికి డ్రమ్ముల లెక్కా" అంది మా ఆవిడ. ఫ్యాను ఊడదీసి పక్కన పెట్టి, న్యూట్రల్లో ఉంచి తాడు లాగాను. స్టార్ట్ అయింది. ధార వచ్చింది.

వచ్చింది గానీ నీరసంగా. చంటిపిల్లాడు నిద్రలో పోసినట్టు.

ఫోన్ చేశాను. "కొత్త రబ్బరు వేశాను, గిన్నె మార్చాను, గొట్టం కూడా కుదిరింది మావయ్యా. అయినా ధారలో బలం లేదు."

"పాత రబ్బరుకి ఎన్ని రెక్కలున్నాయి?"

"నాలుగు."

"ఉండాల్సినవి ఎన్నిరా?"

"ఆరు."

"మరి ఆ రెండూ ఏమైనట్టు? ఆవిరైపోయాయా?"

తల కొట్టుకున్నాను. వారం రోజులుగా ఆ చక్రాన్ని చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను, బస్సులో తీసుకెళ్ళాను, షాపువాడికి చూపించాను. విరిగిన ముక్కలు ఎటు పోయాయన్న ఆలోచనే రాలేదు. పంపు నీళ్ళని ఎటు తోస్తుందో ముక్కల్నీ అటే తోస్తుంది. పైకి.

మళ్ళీ కాలు దించాను. ఈసారి 20 నిమిషాల్లో దిగింది, గ్రీజు మహిమ. రాగి గొట్టంలోకి పచ్చి కొబ్బరి ఈనె మెల్లగా దూర్చాను. వంగుతుంది, కానీ లోపలి అంచుల్ని గీరదు. జానెడు పైన మెత్తగా దేనికో తగిలింది. గట్టిగా పొడిస్తే ముక్క ఇంకా పైకి పోతుంది కాబట్టి ఆపేశాను. మా మోటారుకి ఆ గొట్టం అటూ ఇటూ తిప్పుతూ లాగితే కిందికి ఊడొస్తుంది. అన్ని మోటార్లకీ రాదు. బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే పై మూతిలో నల్లటి నెలవంక. రెక్కలో ముప్పాతిక భాగం. పట్టకారుతో లాగి, పాత చక్రం మొండి అంచుకి ఆనించి చూశాను. పగులుకి పగులు సరిగ్గా అతికింది. దాని పక్కనే చిన్న ముక్క ఇంకొకటి, అదే రెక్కది. అంటే ఒక రెక్క లెక్క తేలింది.

బిగించి మళ్ళీ డ్రమ్ములో పెట్టాను. ధార ఇప్పుడు రెండు బారల దూరాన పడుతోంది. రేవు కుర్రాడు చూసుంటే చప్పట్లు కొట్టేవాడు. నేనైతే అక్కడితో ఆపేసేవాణ్ణి. మావయ్య ఆపనివ్వలేదు. "పది నిమిషాలు తిప్పి, హెడ్డు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించు" అన్నాడు. చిలకరించాను. చుయ్‌మని ఎగిరిపోయాయి, దోశ పెనం మీద పడ్డట్టు. అంటే ధార బ్రహ్మాండంగా ఉండగానే హెడ్డు 100 డిగ్రీలు దాటి మాడుతోంది. కట్టేశాను. ధార చీలే చోటు ముందు, హెడ్డు తర్వాత. నీళ్ళు ధార దాకా వస్తున్నాయి, పై నుంచి బయటపడే దారి మూసుకుపోయింది.

ఆ దారికి కాపలా థర్మోస్టాట్. చాలా చిన్న మోటార్లకి ఇది ఉండదు, మా దానికి ఉంది. ఇంజిను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని, వేడెక్కాక తెరుచుకునే చిన్న తలుపు. హెడ్డు మీద మూత బోల్టులు విప్పితే లోపల తెల్లగా ఉప్పు మడిలా ఉంది. ఆ ఉప్పు మధ్యలో థర్మోస్టాట్, దాని నోట్లో ఇరుక్కుని రెండో రెక్క. రబ్బరు మాడి ముడుచుకుపోయింది గానీ మొండి అంచుకి ఆనిస్తే ఇదీ అతికింది.

థర్మోస్టాట్ మీద 52 అని కొట్టి ఉంది. కారు ఇంజిన్లు 80, 90 డిగ్రీల దగ్గర నడుస్తాయి, ఇవి అంత వేడి మీద నడవకూడదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులోని సున్నం, ఉప్పు గోడలకి పేరుకుంటాయి కాబట్టి. మా వంటింట్లో గిన్నెడు నీళ్ళు స్టవ్ మీద పెట్టి, థర్మోస్టాట్‌ని దారం కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి, చెరువు నీళ్ళు చూసే గాజు థర్మామీటరు పక్కన ముంచాను. 52 వచ్చింది, 60 వచ్చింది, 70 వచ్చింది, తలుపు కదల్లేదు. "ఇత్తడే కదా, ఇలా తెండి" అని మా ఆవిడ తీసుకుని దీపపు కుందె తోమినట్టు చింతపండు పెట్టి తోమింది. రాత్రంతా వెనిగర్లో నానబెట్టాం. పొద్దున మళ్ళీ పెడితే 60 దాటాక తెరుచుకుంది, అదీ సగమే. కుందె మెరిసినట్టు మెరిసింది గానీ పనికి రాలేదు. కొత్తది కొన్నాను. అది కూడా వంటింటి పరీక్ష పాసయ్యాకే మోటారులోకి వెళ్ళింది.

మా రేవులో చాలామంది థర్మోస్టాట్ పీకి అవతల పారేస్తారు. "అది ఉంటేనే బాధ" అంటారు. నన్నూ పీకెయ్యమన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. ఎప్పుడూ చల్లగా తిరిగే ఇంజినులో పెట్రోలు సరిగ్గా కాలదు, ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, మసి పడుతుంది. కిరసనాయిలు మీద నడిపేవాళ్ళకి ఇంకా నష్టం, కిరసనాయిలు ఆవిరి కావాలంటే వేడి ఉండి తీరాలి. సముద్రం మీద అర్ధరాత్రి ఇరుక్కుంటే పీకేసి ఇంటికి రావడం వేరు, రోజూ అలా నడపడం వేరు. నేను ఆయన మాటే పట్టుకున్నాను.

హెడ్డు లోపల ఉప్పు మడిని చెక్క పుల్లతో గీకి, వెనిగర్లో ముంచిన గుడ్డతో తుడిచాను. బాత్‌రూము కడిగే యాసిడ్ పోస్తే నిమిషంలో పోతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. నిజమే, ఉప్పుతో పాటు అల్యూమినియమూ పోతుంది. కాలు పక్కన ఉండే జింకు ముక్కనీ మార్చాను. మోటారు ఒంటిని తినబోయే తుప్పు ముందు దాన్ని తింటుంది. దానికి మాత్రం పెయింటు వేయకూడదు, వేస్తే తుప్పు దాన్ని వదిలి మోటారు మీద పడుతుంది. పాత యజమాని శుభ్రంగా నీలం రంగు కొట్టి ఉంచాడు.

పాత యజమాని అంటే గుర్తొచ్చింది. అన్నీ అయ్యాక మావయ్య తీరిగ్గా అడిగాడు, కొన్నప్పుడు ఎలా చూపించాడని. చెప్పాను. వాళ్ళ పెరట్లో స్టాండు మీద ఉంది, రెండు లాగులకి స్టార్ట్ అయింది, అయిదు నిమిషాలు తిప్పి చూపించాడు, శబ్దం ఎంత బాగుందో. "డ్రమ్ములో పెట్టాడా?" "లేదు, ఊరికే." మావయ్య నవ్వాడు. నీళ్ళు లేకుండా తిరిగితే ఆ రబ్బరు స్టీలు గిన్నెకి రాసుకుని నిమిషం లోపే కాలిపోతుంది. నీళ్ళే దానికి ఆయిలు. అయిదు నిమిషాల ఆ చక్కటి శబ్దం నాకు ఎదురుగా నిలబెట్టి వినిపించిన రబ్బరు చావన్నమాట. అది విని నేను బేరం కూడా ఆడలేదు.

పిస్టనుకి దెబ్బ తగల్లేదు, అది నా అదృష్టం. తాడు లాగితే బిగువు అలాగే ఉంది, ప్లగ్గు విప్పి చూస్తే గోధుమ రంగులో మామూలుగానే ఉంది. ఆ రోజు ఏటి మధ్యలో ఇంకో అయిదు నిమిషాలు మొండికేసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఇప్పుడు పాటు ఉంటే రేవులో స్టార్ట్ చెయ్యను, గెడతో నడుము లోతుకి తోసుకెళ్ళాకే తాడు లాగుతాను. బోటు కట్టాక మోటారు పైకెత్తి ఉంచుతాను. వారానికోసారి, ఏటి ఉప్పు 10 దాటే రోజుల్లో రెండుసార్లు, డ్రమ్ములో మంచినీళ్ళతో కడుగుతాను. రెండు నిమిషాలు తిప్పి ఆపేస్తే లాభం లేదు. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కితే గానీ మంచినీళ్ళు హెడ్డు దాటి వెళ్ళవు, కాబట్టి పది నిమిషాలు తప్పదు. ఆ నీళ్ళు తర్వాత కొబ్బరి చెట్లకి పోయడం లేదు, పైన ఆయిలు తెట్టు కడుతుంది. కడిగాక మోటారుని కాసేపు నిటారుగా ఉంచితే లోపలి నీళ్ళన్నీ దిగిపోతాయి.

బోటులో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టాను. నైలాను దారం, 10 నంబరు పానా, స్క్రూడ్రైవరు, ఒక కొత్త రబ్బరు, రెండు కీలు. అందులోనే ఆ విరిగిన రెక్కలు కూడా ఉన్నాయి.

మళ్ళీ నవంబరు వచ్చింది. వరద తగ్గి, నీళ్ళు తేరాక, తెల్ల దుప్పటి పరిచి కాలు దించాను. నాలుగు బోల్టులూ చేత్తోనే తిరిగాయి. మూత లాగగానే మావయ్యకి ఫోన్ చేశాను. హలో కూడా అనలేదు ఆయన.

"ఎన్ని?"

"ఆరు."

"పగుళ్ళు?"

"లేవు. కాస్త ఓ పక్కకి వంగి ఉన్నాయి, అంతే."

"అయినా మార్చెయ్. పాతది డబ్బాలో పడెయ్" అని పెట్టేశాడు. హార్బర్లో ఇంకెవరిదో ఇంజిను విప్పి ఉన్నట్టుంది.